గడప మీద జారిన మాట

పొద్దును తరుముతున్నట్టే నడిచాయి బండ్లు ఆ పగలంతా. కనుచూపు మేర చెట్టు లేదు, పిట్ట లేదు. పాలు పొంగి అక్కడే గడ్డకట్టినట్టున్న తెల్లని ఉప్పుచౌడు. దాని మీద ఒకదాని వెనక ఒకటిగా గూడుబండ్లు, ఇరుసులు మూలుగుతుంటే, చక్రాల కింద ఉప్పుపెళ్ళలు పటపట విరుగుతుంటే, పడమరకు, ఇంకా పడమరకు సాగాయి. వెదురు గూళ్ళ మీద ఎర్రకంబళ్ళు, అతుకుల బొంతలు, ఎండ మరీ మండుతోందని పెళ్ళినాటి పట్టుచీరలు కూడా పరిచారు. బండ్ల వెనక నాగళ్ళు, తిరగళ్ళు, కోళ్ళగంపలు వేలాడుతున్నాయి. ప్రతి బండిలోనూ పసిబిడ్డ కంటే భద్రంగా ఒక విత్తనాల మూట ఉంది. ఆకలికి ఓర్వలేక ఆ మూట విప్పినవాడికి బిడారులో చోటు లేదని కట్టుబాటు.

వాళ్ళంతా మణికుండల రాజ్యపు రైతులు. వానలు మొహం చాటేశాయి. పండిన నాలుగు గింజలూ ప్రచండ మహారాజు తన కొట్లకు తోలించుకున్నాడు. బతికుంటే బలుసాకు తినొచ్చని జనం కాడి కట్టారు. ఏనుగుతల కనుమ దాటితే నీలియేటి లోయ ఉందట, అక్కడ ఎవడు ముందు నాగలి దింపితే వాడిదే నేలట. అన్నను చంపి గద్దెనెక్కిన ప్రచండుడు ఊరుకుంటాడా? దున్నేవాళ్ళంతా తరలిపోతే ఇక పిండుకోవడానికి ఎవరు మిగులుతారు? బండి కనిపిస్తే బండిని, మనిషి కనిపిస్తే మనిషిని తగలబెట్టమని చెప్పి, దళపతి ఉగ్రాక్షుణ్ణి గుర్రపుదండుతో వెనకాల తోలాడు. కనుమ అవతల కొండదొరలు ప్రచండుడి గుర్రాన్ని గిట్ట మోపనివ్వరు. కనుక బతుకైనా చావైనా, దండు వచ్చేలోగా కనుమ దాటడంలోనే ఉంది.

చివరి బండి పక్కన, కందెన గొట్టం భుజాన వేసుకుని నడుస్తున్న గురవడి సంగతి మాత్రం వేరు. మొహం నిండా మసి, నెత్తిన చిరుగుల పాగా, ఒంటి నిండా ఆముదం కంపు. ఆ మసి కింద ఉన్నది చనిపోయిన మహారాజు ఒక్కగానొక్క కొడుకు విజయకేతుడని, ముందుబండి తోలే బిడారుపెద్ద నారపకు తప్ప ఎవరికీ తెలియదు. విలువిద్య నేర్పారు, కత్తిసాము నేర్పారు, మదపుటేనుగును లొంగదీయడం నేర్పారు. బండి ఇరుసుకు కందెన ఎంత పూయాలో మాత్రం ఏ గురువూ నేర్పలేదు పాపం. అందుకే రాకుమారుడికి రోజూ అక్షింతలే.

“ఓయ్ గురవా! నా చక్రం మళ్ళీ ఏడస్తా ఉంది. నువ్వు పూసింది కందెనా, కంటికి కాటికా?”

ఆ కేక చెంగలిది. నారప కూతురు. రెండో బండి ఆమె ఒక్కతే తోలుతుంది. ఆమె నోటికి జడిసి ఎద్దులు కూడా తోకాడించవు. గురవడు పరుగెత్తుకెళ్ళి ఇరుసుకు ఇంత మెత్తాడు. నిజం చెప్పాలంటే ఆ తిట్ల కోసమే అతను కందెన కాస్త తక్కువ పూస్తున్నాడేమోనని నారపకు అనుమానం. అతనికి ఒకచోట కాలు నిలవదు. దండు ఎంత దూరంలో ఉందోనని వెనక్కీ, కనుమ కనిపిస్తోందేమోనని ముందుకీ, పగలంతా బిడారు పొడవునా తిరుగుతూనే ఉంటాడు.

ఆ సాయంత్రానికి కుండల్లో నీళ్ళు అడుగంటాయి. ఎద్దుల నాలుకలు బయటికి వేలాడాయి. అప్పుడు కనిపించింది, ఎదురుగా, ఆ ఉప్పు మధ్యన పచ్చటి తోట!

తోట నడుమ వెన్నముద్దలాంటి తెల్లని ఇల్లు. ముత్యాల ముగ్గులు తీర్చిన వాకిలి. అరటిగెలలు నేలను తాకుతున్నాయి, మల్లెపందిళ్ళు విరగబూశాయి, ఏనుగు దంతంతో చెక్కిన గిలకల మీద బావితాళ్ళు గిరగిర తిరుగుతున్నాయి. ఏ రంగస్థలం తెర తీసినా అంత అందం ఉండదు. వాకిట్లో పండు ముసలమ్మ ఒకతె, వెండిలాంటి జుట్టు ముడివేసుకుని, చేతులు చాచి నిలబడింది.

“రండి నాయనా, రండి తల్లీ. ఎండన పడి వచ్చారు. ఇది ఊటబావి. నన్ను పెద్దమ్మ అంటారు. ముందు కాళ్ళు కడుక్కోండి, మాటలు తర్వాత.”

ఎక్కడ నుంచి వచ్చారని అడగలేదు, ఎక్కడికని అడగలేదు. వేడి జొన్నరొట్టెలు, వెన్న, బెల్లం, కుండెడు మజ్జిగ పెట్టింది. కడుపు నిండినవాళ్ళు ఆమె చేతిని కళ్ళకద్దుకున్నారు. ఇంత మంచి మనిషి ఈ చౌడులో ఏం చేస్తోందని అడగాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. అన్నం పెట్టే చేతిని ఎవరడుగుతారు?

మర్నాడు తెల్లవారగానే బండ్లు కట్టారు. పెద్దమ్మ గడపలో నిలబడింది. ఆమె ముందు నుంచి వెళ్తూ నారప చేతులు జోడించి, “వెళ్ళొస్తాం పెద్దమ్మా!” అన్నాడు. చెంగలి అంది. ముసలీ ముతకా అన్నారు. చంకలో పిల్లల చేత కూడా తల్లులు అనిపించారు. ‘పోతాను’ అన్నది చచ్చేవాడి మాట. ఎంత తిరిగిరాని దూరం వెళ్తున్నా గడప దాటేవాడు ‘వస్తాను’ అనే అనాలి. సొంత ఊళ్ళు వదిలి వచ్చిన రోజున తాళం వేసిన ఖాళీ ఇళ్ళతో కూడా ఆ మాటే చెప్పి ఏడ్చిన మనుషులు వాళ్ళు.

ఒక్క గురవడు మాత్రం అనలేదు. ఊడిపోతున్న చక్రానికి బిగించాల్సిన చీలను పళ్ళ మధ్య కరిచిపెట్టుకుని చివరి బండి కింద దూరి ఉన్నాడు.

“ఏం నాయనా, నువ్వేమీ చెప్పకుండానే?” అంది పెద్దమ్మ.

అతను నోట్లో చీలతోనే తలాడించి, బండి వెనక పరుగెత్తాడు. పెద్దమ్మ నవ్వు మొహం మీద అలాగే ఉంది, కళ్ళల్లో మాత్రం లేదు.

ఆ రోజంతా ఎద్దులు మంచి ఊపు మీద నడిచాయి. సూర్యుడు నడినెత్తికి వచ్చాడు, వాలాడు, దిగాడు. దిగేవేళకు ఎదురుగా పచ్చటి తోట. తెల్లని ఇల్లు. వాకిట్లో పెద్దమ్మ.

“వచ్చారా!”

నారప సిగ్గుతో చచ్చిపోయాడు. “ముప్పై ఏళ్ళ నుంచి ముందుబండి తోలతా ఉండా, ఎన్నడూ దోవ తప్పలే” అని అందరికీ చెప్పుకున్నాడు, అడగనివాళ్ళకు కూడా. అతని మీసాలు నిన్నటి కంటే తెల్లబడ్డాయి. ఉప్పు పట్టిందనుకున్నారు. పెద్దమ్మ జుట్టులో నల్లపాయ ఒకటి మెరుస్తోంది. దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

మరునాడూ రొట్టెలు తిన్నారు, మరునాడూ “వెళ్ళొస్తాం పెద్దమ్మా” అన్నారు. ఈసారి గురవడు బిడారుతో నడవలేదు. ముందుకు, పొద్దును వీపున పెట్టుకుని, కాళ్ళు పీకేలా పరుగెత్తాడు. మధ్యాహ్నానికే నేల ఎర్రబడింది, గడ్డిపరక కనిపించింది. తలెత్తి చూస్తే ఏనుగు కుంభస్థలంలాంటి కొండ, దాని కణతల మధ్య సన్నని దారి. కనుమ! ఆనందంతో కేకవేసి వెనక్కి తిరిగాడు. వెనక బండ్లు లేవు.

దూరాన, చౌడు మీద, ఆ బండ్ల బారు ఎవరో పలుపు పట్టి లాగినట్టు మెల్లగా వంగుతోంది. ఎద్దులు కళ్ళు మూసుకుని నడుస్తున్నాయి. బండ్లు తోలేవాళ్ళు పాటలు పాడుకుంటూ, తాము తిన్నగానే వెళ్తున్నామనుకుంటూ తూర్పుకు తిరిగిపోతున్నారు! గురవడు గుట్టెక్కి అరిచాడు. ఎవరికీ వినపడలేదు. అరిచిన నోరు అలాగే ఉండిపోయింది. తూర్పు అంచున దుమ్ము లేస్తోంది. బండ్ల దుమ్ము అంత ఎత్తున లేవదు. అది గుర్రాల దుమ్ము.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అతను వచ్చిన దారినే పరుగెత్తాడు.

పొద్దుగూకే వేళకు ఊటబావి చేరి, వాకిట్లోకి వెళ్ళకుండా ఇంటి వెనక గోడ ఎక్కి చూశాడు. ఆ గోడ వెనక విరిగిన బండ్లు గుట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఊడిన చక్రాలు, పుచ్చిన కాడ్లు, గూళ్ళ మీద చివికిన పట్టుచీరలు. ఎన్ని బిడార్లో! ఆ గుట్టల మధ్య బావి దగ్గర, నడుం వంగిన ముసలివాడొకడు నీళ్ళు తోడుతున్నాడు.

“తాతా, ఎవరివి ఈ బండ్లన్నీ?”

“తాతా?” ముసలివాడు బోసినోటితో నవ్వాడు. “నాకు ముప్పై నిండలేదన్నా. నా పేరు గంగప్ప. మేమూ పడమరకే బయలుదేరినాం.”

గంగప్ప తాడు వదలకుండానే గొంతు తగ్గించి చెప్పాడు.

“ఆమె పెద్దమ్మ కాదు, తామసి అనే మాయలాడి. ఆమెకు సొంత బలం ఏమీ లేదు. బలమంతా ఆ గడపది. దాని మీద గానీ దాని ముందు గానీ నిలబడి, ఈ ఇంటి గురించి గానీ ఈ ఇంటి మనిషి గురించి గానీ ఏ మాటన్నా జరిగి తీరతాది. ‘వెళ్ళొస్తాం’ అన్నాం, వచ్చినాం. వచ్చినప్పుడల్లా మా ఆయుష్షులో ఇంత తుంచుకుంటాది. మళ్ళీ పొద్దున్నే ‘వెళ్ళొస్తాం’ అన్నాం, మళ్ళీ వచ్చినాం.”

“అలా అనకపోతే?”

“విసుగుపుట్టి ఒకడు ‘పోతా ఉండా’ అన్నాడు. ఆ మెట్టు మీదనే పోయినాడు. ఇంకొకడు ‘ఇంక రాను’ అన్నాడు. వాడు ఈ చౌడు దాటి ఏ ఊరికీ రాలేదు.”

“ఏమీ అనకుండా నోరు మూసుకుని వెళ్తే?”

గంగప్ప తోడటం ఆపి అతని వంక వింతగా చూశాడు. “చెప్పకుండా వెళ్ళడమా? అన్నం తిన్న ఇంట్లో?”

సరిగ్గా ఆ మాటే అన్నాడు నారప కూడా, గురవడు అతన్ని బండ్ల చాటుకు లాగి సంగతంతా చెప్పాక. “మనమేమైనా దొంగలమా నాయనా, చెప్పకుండా చెక్కేయడానికి?” పక్కనే ఉన్న చెంగలి ఇత్తడి చెంబు తీసి తండ్రి మొహానికి పట్టింది. చెంబులో ముగ్గుబుట్టలాంటి తల కనిపించింది. నారప చాలాసేపు చూసుకున్నాడు. చెంబు దింపి, తానే లేచి పక్కబండి దగ్గరికి నడిచాడు.

కబురు బండి నుంచి బండికి పాకింది. వస్తాం అనకూడదు, రాం అనకూడదు, పోతాం అసలే అనకూడదు. నోరు తెరవకూడదు. పసిపిల్లల నోట్లో బెల్లంముక్క, పెద్దవాళ్ళ నోట్లో గులకరాయి.

తెల్లవారింది. బండ్లు కదిలాయి. గడపలో తామసి నిలబడి ఉంది. జుట్టు సగం నల్లబడింది, బుగ్గలు తేరాయి. మౌనంగా సాగే మొదటి బండ్లను చూడగానే ఆమెకు అర్థమైంది. అయినా అరవలేదు, శపించలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఏం తక్కువ చేశాను నాయనా? రొట్టెలో ఉప్పు తగ్గిందా? మజ్జిగ పులిసిందా? ముసలిదాన్ని, ఒక్క మాట చెప్పి వెళ్తే మీ సొమ్మేం పోతుందని ఇలా మొహం తిప్పుకుని...”

ఆడవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రాళ్ళు పళ్ళ కింద పటపటమన్నాయి. ఒక్కరూ నోరు విప్పలేదు. మగవాళ్ళు తలలు వంచుకుని దాటేశారు. చెంగలి ఎద్దుల మధ్యకు చూస్తూ దాటేసింది. బండ్లన్నీ దాటించి చివర్న నడిచి వస్తున్న నారప ఆమె ముందుకు వచ్చాడు. తామసి వంగి అతని కాళ్ళు పట్టుకోబోయింది.

వయసులో పెద్దది కాళ్ళు పట్టుకోబోతే ఏ మనిషి ఓర్చుకుంటాడు? నారప రాయి ఉమ్మేశాడు. “అయ్యయ్యో, తప్పు తల్లీ తప్పు! మాకేం కోపం లేదు. వెళ్ళొస్తాం!”

కాలు జారితే తీసుకోవచ్చు. నోరు జారితే తీసుకోలేం. అన్నాక గుర్తొచ్చి నారప రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. తామసి కన్నీళ్ళు తుడుచుకుని చక్కగా నవ్వింది. “వెళ్ళొస్తాను అనలేదు. వెళ్ళొస్తాం అన్నావు. అందరూ రండి నాయనా. రొట్టెలు వేడిగా ఉంచుతాను.”

మధ్యాహ్నానికి ఎద్దులు కళ్ళు మూసుకున్నాయి. గురవడు ముందుబండి నొగలకు అడ్డం నిలబడి, రెండు కొమ్ములూ పట్టుకుని తోశాడు. ఏనుగుల్ని వంచిన చేతులు ఎద్దుల్ని ఆపలేకపోయాయి. కనుమ ఎదురుగా కనిపిస్తోంది. వెనక దుమ్ము సగం ఆకాశానికి లేచింది. ఆడవాళ్ళు బండ్లలోంచి దూకి చక్రాల కింద రాళ్ళు పెట్టారు. చక్రాలు రాళ్ళెక్కి వంగాయి.

“నేనే వెనక్కి పోతా” అని ఏడ్చాడు నారప. “ముసలి గాడిదను. నా నోట్లో మన్ను పడ!”

“నువ్వు పోతే కనుమలో దోవ ఎవరు చూపిస్తారు? అసలు నువ్వొక్కడివి పోతే సరిపోతదా?” అని కసిరింది చెంగలి. అని టక్కున ఆగింది. “సరిపోతది! నాయనా, ఊళ్ళో పెళ్ళి పిలుపొస్తే ఇంటిల్లిపాదీ పోతామా? నువ్వొక్కడివే పోతావు, పది మంది కూడు తిని వస్తావు. మిగతావాళ్ళేరని ఎవరన్నా అడిగినారా? ఇంటికొక మనిషి పోతే ఇల్లంతా పోయినట్టే!”

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్నప్పటి నుంచి పాటిస్తున్న మర్యాద అది. ఏ గడపైనా కాదనలేదు.

“నేను వెళ్తాను” అన్నాడు గురవడు.

“నువ్వెట్టా పోతావు? మా ఇంటివాడివి కాదుగా” అంది చెంగలి. ఆ గొంతులో తిట్టు లేదు, అదురు ఉంది.

నారప కళ్ళు తుడుచుకున్నాడు. ఇద్దరినీ చూశాడు. వెనక దుమ్మును చూశాడు. తీరిగ్గా ముహూర్తం చూసే సమయమా అది? కూతురి చేయి పట్టి కుర్రవాడి చేతిలో పెట్టాడు. “ఈ పొద్దు నుంచి మా ఇంటి అల్లుడు. ఎవురన్నా కాదంటారా?”

“నన్ను అడిగినావా?” అంది చెంగలి. చేయి మాత్రం లాక్కోలేదు.

“ఒక్క నిమిషం” అన్నాడు గురవడు. “దొంగపేరుతో అల్లుణ్ణయితే ఆ గడప దగ్గర చెల్లదు.” పాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. మసి కింద నుంచి, నాణేల మీద అందరూ చూసిన ముక్కు, అందరూ చూసిన నుదురు బయటపడ్డాయి. “నా పేరు విజయకేతుడు. మీ పాత మహారాజు కొడుకును.”

బండ్ల మీద ఉన్నవాళ్ళు బండ్ల మీదే దండాలు పెట్టారు. చెంగలి మాత్రం తేరిపార చూసి, “అదీ సంగతి. కందెన అంత దరిద్రంగా ఎవడు పూస్తాడా అనుకున్నా” అంది. కళ్ళల్లో నీళ్ళు బొటబొట రాలాయి. తుడుచుకోలేదు. “చెప్పి పోవా?”

“వెళ్ళొస్తాను చెంగలీ.”

ఆ ఎర్రనేల మీద ఆ మాటకు ఏ మాయబలమూ లేదు. అన్నవాడే నిలబెట్టుకోవాలి. అది ఇద్దరికీ తెలుసు.

అతను తూర్పుకు అడుగు వేయగానే ముందుబండి ఎద్దులు కళ్ళు తెరిచాయి. బారు మెల్లగా, మూలుగుతూ, పడమరకు తిరిగింది. విజయకేతుడు వెనక్కి చూడకుండా పరుగెత్తాడు. చూస్తే కాళ్ళు సాగవని భయం.

తామసి గడప మీద ఎదురుచూస్తోంది. నడివయసు మనిషిలా ఉంది ఇప్పుడు. “ఒక్కడివేనా? మిగతావాళ్ళేరీ?”

“నారప అల్లుణ్ణి. వాళ్ళందరి తరఫున నేను వచ్చాను. ఇంటికొకరు.” అంటూ గడప దాటి లోపల కాలు పెట్టాడు.

గడప గంటలా ఒకసారి ఖంగుమంది. కనుమ వైపు కదిలిన బండ్ల మీద నుంచి పట్టు సడలడం తన ఒంట్లోనే తెలిసినట్టు తామసి గిజగిజలాడింది. నల్లబడ్డ జుట్టులో సగం తెల్లబడింది. కోపంతో తలుపు మూయబోయింది. అంతలో వాకిట్లో గిట్టలు ధణధణమన్నాయి.

ఉగ్రాక్షుడి దండు! నల్లని గుర్రాలు, ఎర్రని జెండాలు, నురగలు కక్కే మూతులు. ముందు ఉగ్రాక్షుడు. తుమ్మమొద్దులాంటి మనిషి, గడ్డం నిండా దుమ్ము, ఇనుప చేతొడుగులో కొరడా. విజయకేతుడు పొయ్యిలో బూడిద తీసి క్షణంలో మొహానికి పులుముకున్నాడు. తామసి అది చూసింది. గుర్రాల వంక, రౌతుల వంక, అతని వంక చూసి, ఆకలిగొన్న పిల్లిలా పెదవులు తడుపుకుంది. పక్కకు తప్పుకుని దండుకు దారి ఇచ్చింది.

గుర్రాలు కుడితి తాగాయి. రౌతులు నీళ్ళు తాగారు. కాళ్ళు కడుక్కోలేదు, చెప్పులు విడవలేదు. కుండలు తన్ని పగలగొట్టారు. ఉగ్రాక్షుడు చక్రాల జాడలు చూసి గడపలోకి నడిచాడు.

“మళ్ళీ ఎప్పుడు దర్శనం దొరా?” అన్నాడు విజయకేతుడు చేతులు జోడించి.

“నీళ్ళకుండలు మోసేవాడికి చెప్పి వెళ్ళే గతి నాకు పట్టలేదు” అన్నాడు ఉగ్రాక్షుడు.

చచ్చింది గొర్రె! మర్యాద తెలిసినవాళ్ళకు వేసిన ఉచ్చులో మర్యాద లేనివాడు ఎలా పడతాడు? ఉగ్రాక్షుడి కాలు గడప మీద ఉంది. ఇంకొక అడుగు వేస్తే కనుమలో బండ్లు బూడిద. విజయకేతుడు జోడించిన చేతులు విడదీసి నడుం మీద పెట్టుకున్నాడు. తామసి వైపు తిరిగి బిగ్గరగా నవ్వాడు.

“భయపడకమ్మా, ఈయన మన వాకిలి మళ్ళీ తొక్కే రకం కాదు. కనుమ కనపడగానే కొండదొరలకు జడిసి, వేరే దారిన ఇల్లు చేరతాడు. గడ్డం చూస్తే తెలియడం లేదూ, దుమ్మంతా వెనకడుగు దుమ్మే!”

రౌతుల్లో ఎవడో కిసుక్కుమన్నాడు. కొరడా గాలిలో లేచి విజయకేతుడి మొహం మీద పడింది. అతను కింద పడ్డాడు. ఉగ్రాక్షుడు కత్తి సగం దూశాడు. “దళపతీ! బండ్లు కనుమ మొదట్లో ఉన్నాయి! ఇప్పుడు కదలకపోతే దాటేస్తాయి!” అని మిద్దె మీద నుంచి అరిచాడు ఒక రౌతు.

ఉగ్రాక్షుడు పళ్ళు నూరాడు. కత్తి ఒరలోకి తోశాడు. రెండు కాళ్ళూ గడప మీద పెట్టి నిలబడి, పడి ఉన్నవాడి మీదికి వేలు చూపించాడు.

“మళ్ళీ ఇక్కడికే వస్తామురా! దండంతా వస్తాం! వచ్చి నీ నాలుక కోస్తాను!”

గడప ఖంగుమంది. దండు గాలిలా పడమరకు దూసుకుపోయింది.

విజయకేతుడు లేచి, మొహం మీద నెత్తురు కూడా తుడుచుకోకుండా మిద్దె ఎక్కాడు. పొద్దు వాలుతోంది. దూరాన ఏనుగుతల కొండ మీద చీమలబారులా బండ్లు. నల్లటి దుమ్ము వాటి వైపే తిన్నగా పోయింది, పోయింది, కొండ మొదట్లో ఎవరో పలుపు పట్టి లాగినట్టు మెల్లగా వంగింది. బండ్లు ఒక్కొక్కటే కనుమ మీద మెరిసి, అవతలికి దిగి మాయమయ్యాయి. అన్నిటికీ చివర ఎర్రకంబళి గూడు ఒకటి చాలాసేపు ఆగింది. ఆ తర్వాత అదీ దిగింది.

అతనికి నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు. దాటారు! విత్తనాల మూటలతో సహా దాటారు!

“నవ్వు నాయనా, నవ్వు.” వెనక నుంచి వినిపించిన గొంతు ముసలిది కాదు. మెట్ల మీద పదహారేళ్ళ పిల్లలా తామసి నిలబడి ఉంది. దండు ఆయుష్షు అప్పుడే ఆమె బుగ్గల్లోకి పాకుతోంది. “ఒక్కడివి వచ్చి నాకు ఇంత విందు తెచ్చావు. అల్లుడంటే నువ్వే అల్లుడివి. కానీ నా గడప సంగతి నీకు పూర్తిగా అర్థమైనట్టు లేదు. ఆ దళపతి దాని మీద నిలబడి అన్నది ఒక్క మాటా, రెండు మాటలా?”

విజయకేతుడి నవ్వు ఆగిపోయింది. ఉగ్రాక్షుడు ‘వస్తాం’ అన్నాడు. వస్తారు. ఆ తర్వాత ఇంకొకటి కూడా అన్నాడు. ఈ ఇంట్లో ఉన్న మనిషి గురించి, గడప మీద నిలబడి అన్నాడు.

నోట్లో నాలుక ఉన్నట్టుండి మంచుముక్కలా చల్లబడింది. కింద తోట చివర, మొదటి గుర్రం సకిలించింది.